ఊరి బాటలు, బజారు కొట్లు: పడమటి ప్రకాశంలో నూట నలభై ఏళ్ల తీర్మానాలు

మార్కాపురం, గిద్దలూరు, కంభం చరిత్ర రాయబోయేవాళ్లు ఎక్కువగా గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు దగ్గరో, చెన్నకేశవస్వామి గాలిగోపురం దగ్గరో మొదలుపెడతారు. అక్కడ రాజులూ రాణులూ ఉన్నారు గనుక కథ నడుస్తుంది. పంచాయతీ ఆఫీసు బీరువాలో మగ్గే తీర్మానాల పుస్తకం జోలికి ఎవరూ పోరు. ఫలానా సర్వే నంబరులో డొంక మళ్లింపు, ఫలానా వీధిలో పిండిమరకు అనుమతి, బస్టాండు పక్కన బంకు తొలగింపు, అందులో ఉండేవి ఇలాంటివే. మనిషి రోజూ నడిచే దారీ, రోజూ ఎక్కే కొట్టు మెట్టూ ఎవరి చేతిలో ఉన్నాయో తెలియాలంటే మాత్రం ఆ పుస్తకమే దిక్కు. అలా వెనక్కి తిరిగి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. తీర్మానం రాసే పని ఊళ్లోనే ఉంది. నిర్ణయం చేసే పని మొదట్లో ఊరికి అందలేదు, అందినంత మేరా మెల్లమెల్లగా జారిపోయింది.

ఈ సీమకు పెద్ద ఆఫీసు ఎప్పుడూ దూరమే. కడప జిల్లాలో ఉన్న దూపాడు, కంభం, కోయిలకుంట్ల తాలూకాలను 1858లో కర్నూలుకు కలిపారు. ఆ దూపాడే తర్వాత మార్కాపురం తాలూకా అయింది. జిల్లా కేంద్రానికీ మనకూ నడుమ నల్లమల అడ్డం. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. కొండ అడ్డం తొలగింది గానీ గిద్దలూరు నుంచి ఒంగోలు కలెక్టరేటుకు నూరు కిలోమీటర్లకు పైనే. పొదిలి, దర్శి పక్క ఇంకో కథ. అవి వెంకటగిరి జమీందారీ కింద ఉండేవి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా అక్కడ పోరంబోకు మీద పెత్తనం ఎస్టేటు ఠాణాది. మార్కాపురం వైపు రైత్వారీ గనుక పెత్తనం సర్కారుది. రైతుకు రెండూ ఒకటే అనుకోండి, కాళ్లరిగేలా తిరగవలసిన ఆఫీసు మాత్రం వేరు.

1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానం చేశాడు. రెండేళ్లకు మద్రాసు స్థానిక బోర్డుల చట్టం వచ్చింది. జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, పెద్ద ఊళ్లకు యూనియన్. పేరు స్వపరిపాలనే గానీ జిల్లా బోర్డుకు కలెక్టరు, తాలూకా బోర్డుకు డివిజనల్ అధికారి అధ్యక్షులు. దారి ఎటు పోవాలో చెప్పేదీ, ఆ దారి మీద శిస్తు వసూలు చేసేదీ ఒకే దొర అన్నమాట. 1920 చట్టాలతో ఎన్నికైన అధ్యక్షులు వచ్చారు. 1934లో తాలూకా బోర్డులే ఎత్తేశారు. ఊరికి దగ్గరగా ఉన్న మెట్టును తీసేసి ఊరికే బలం ఇచ్చామని చెప్పుకోవడం అప్పుడే మొదలైంది.

ఈ ప్రాంతంలో బాటల్ని అన్నిటికంటే ఎక్కువగా తెగ్గొట్టింది రైలు. 1880ల చివర సదరన్ మరాఠా కంపెనీ నడిపిన బళ్లారి–కృష్ణా మీటరుగేజి లైను నంద్యాల దగ్గర నల్లమల ఎక్కి గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపూర్ రోడ్, దోనకొండ మీదుగా గుంటూరు వైపు దిగింది. స్టేషను పేరులో ‘రోడ్’ ఉండటమే చెబుతుంది, మార్కాపురం ఊళ్లోకి రైలు రాలేదని. ఊరికి రాని రైలు ఊళ్ల మధ్య డొంకల్ని మాత్రం వరసగా కోసుకుంటూ పోయింది. చేను ఒకవైపు, కళ్లం ఒకవైపు. 1890 రైల్వే చట్టం దీనికి ఒక ఉపాయం చెప్పింది. లైను వల్ల భూముల వాడకానికి అడ్డం కలిగితే దాటడానికి గేటో వంతెనో తూమో కంపెనీయే కట్టివ్వాలి. కానీ లైను తెరిచిన పదేళ్ల తర్వాత కొత్తగా అడిగితే కట్టించే బాధ్యత కంపెనీకి లేదు. కావాలంటే రైతో, స్థానిక సంస్థో తమ ఖర్చుతో కట్టించుకోవాలి.

అంటే ఈ లైను మీద గడువు సుమారు 1900 నాటికే తీరిపోయింది. ఆ పదేళ్లలో ఎవరు అడగగలిగారు? ఇంగ్లీషులో అర్జీ రాయించగలిగినవాడు, కంపెనీ ఇంజనీరు ఎక్కడ దిగుతాడో తెలిసినవాడు. పల్లె తరఫున అడగడానికి అప్పటికి ఎన్నికైన పంచాయతీయే లేదు. అడగని ఊరి దారి పట్టాల కింద కలిసిపోయింది. 1989లో కొత్త రైల్వే చట్టం వచ్చినా పదేళ్ల గడువు అందులోనూ అలాగే ఉంది. 1990లలో మీటరుగేజి బ్రాడ్‌గేజి అయింది. 2019 జనవరికల్లా దేశంలో బ్రాడ్‌గేజి లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ తీసేశారు. ప్రాణాలు కాపాడిన పని అది, కాదనను. అయితే గేటు పోయినచోట దిగువ వంతెన కట్టారు, లేదా దారిని పక్క గేటుకు మళ్లించారు. వాన పడితే చాలాచోట్ల దిగువ వంతెనలో నీళ్లు. పత్తి బండి ఎటు పోవాలో చెప్పేవాళ్లుండరు. పంచాయతీ తీర్మానం చేసి రైల్వే డివిజన్ ఆఫీసుకు పంపుతుంది. పంపడం వరకే దాని చేతిలో ఉంది.

దారి అందరిదీ అన్న మాట కూడా పైనుంచే రావలసి వచ్చింది, ఈసారి మంచికే. 1924 ఆగస్టులో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టారు. ఏ ఊళ్లోనైనా ఏ బహిరంగ మార్గంలోనైనా, వీధిలోనైనా, కాలిబాటలోనైనా అణగారిన కులాలవారు నడవడానికి అభ్యంతరం ఉండకూడదన్నారు. అది నెగ్గింది, సెప్టెంబరులో ప్రభుత్వ ఉత్తర్వుగా వెలువడింది. కర్నూలు జిల్లాలో ఉన్న మన తాలూకాలకూ ఆ ఉత్తర్వు వర్తించింది. కాగితం మీద. ఊరి పెద్దల బోర్డులు తమంతట తాము ఆ మాట అని ఉండేవని నేననుకోను. మాలపల్లె నుంచి శ్మశానానికి దారి అన్నది ఈనాటికీ పంచాయతీ ఎజెండాలో కనిపించే అంశమే.

కొట్టు సంగతికి వస్తే అక్కడా ఇదే గీత. కాఫీ హోటలు పెట్టాలన్నా, బట్టీ పెట్టాలన్నా 1920 చట్టాల కింద స్థానిక సంస్థ లైసెన్సు కావాలి. గడ్డివాములు, కిరసనాయిలు, తోళ్లు, సున్నం, ఇలా ప్రమాదమూ కంపూ కలిగించే వ్యాపారాల జాబితా ఒకటి చట్టం చివర తగిలించారు. మునిసిపాలిటీల్లో ఇప్పటికీ ‘డీ అండ్ ఓ’ లైసెన్సు అనేది దాన్నే. నిప్పు గురించీ కంపు గురించీ అంత శ్రద్ధ పెట్టిన లైసెన్సు, హోటల్లో ఎవరు లోపల కూర్చోవాలి, ఎవరు బయట నిలబడి తాగాలి అన్నదాన్ని చాలాకాలం పట్టించుకోలేదు. 1955 అంటరానితన నేరాల చట్టం ఆ రెంటినీ కలిపింది. హోటల్లోకి, కొట్టులోకి రానివ్వని నేరం రుజువైతే యజమాని లైసెన్సు రద్దు చేయమని గానీ నిలిపివేయమని గానీ కోర్టు ఆదేశించవచ్చు. మంచి కత్తి అది. ఒరలోంచి ఎన్నిసార్లు బయటికి వచ్చిందన్నది వేరే మాట. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక ఇచ్చేనాటికీ రాష్ట్రంలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి పూర్తిగా పోలేదు.

డేరా సినిమాలు, టూరింగ్ టాకీసులు ఒక తరం పాటు పల్లెల్ని మురిపించాయి. 1955 సినిమాల చట్టం కింద వాటి లైసెన్సు రెవెన్యూ అధికారులది. పంచాయతీకి దక్కింది వినోదపు పన్నులో వాటా, టికెట్టు లేకుండా ముందు వరస కుర్చీ.

సారా కొట్టు కథను ఇంత తేలిగ్గా దాటలేం. 1886 అబ్కారీ చట్టం నాటి నుంచి సారా అంగడి వేలం పాటే. పాట పాడినవాడికి అంగడి, సర్కారుకు రాబడి. అది ఏ వీధిలో పెట్టాలన్న దానిలో ఊరి మాటకు విలువ తక్కువ. 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. దాని మీద రేగిన గొడవలోనే 1954లో ప్రకాశం పంతులు మంత్రివర్గం పడిపోయింది. జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం గనుక ఇది గుర్తుంచుకోవలసిన సంగతి. తర్వాత నిషేధం సడలింది, 1980లలో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్ సారా ఇంటింటి ముందుకూ వచ్చింది. 1992లో మన కనిగిరి, పామూరు పొలిమేరలకు అవతల, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అంగడి మూయించారు. ఏ కౌన్సిలూ తీర్మానం చేయలేదు, ఏ లైసెన్సు అధికారీ సంతకం పెట్టలేదు. పాటలు సాగనివ్వకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు. ఈ నూట నలభై ఏళ్లలో ఒక అంగడి ఉండాలా వద్దా అన్నది ఊరే తేల్చిన ఘట్టం నాకు ఇదొక్కటే కనిపిస్తుంది. అదీ చట్టం దారిలో కాదు.

దారీ కొట్టూ ఒకే వాక్యంలో కలిసే చోటు కూడా మద్యం నిబంధనల్లోనే ఉంది. బడికీ గుడికీ నూరు మీటర్ల లోపు దుకాణం ఉండకూడదు. ఆ దూరం కొలిచేది గాలిలో గీత గీసి కాదు. దుకాణం గుమ్మం నుంచి, మనిషి మామూలుగా నడిచి చేరే దగ్గరి బాట వెంట కొలవాలి. అంటే నడుమ ఉన్న సందును గోడ కట్టి మూస్తే, బడి అక్కడే ఉంటుంది, దుకాణం అక్కడే ఉంటుంది, దూరం మాత్రం పెరుగుతుంది. కాలిబాట మళ్లింపు చిన్న విషయం అనుకునేవాళ్లు ఈ ఒక్క నిబంధన చదివితే చాలు.

రోడ్డు హోదా మారినా అంతే. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు వద్దంది. 2017 మార్చిలో 20 వేల లోపు జనాభా ఉన్నచోట దాన్ని 220 మీటర్లకు తగ్గించింది. జూలైలో పట్టణ పరిధులకు ఆ ఆంక్ష లేదని చెప్పింది. మార్కాపురం పట్టణమూ గిద్దలూరు నగర పంచాయతీ తప్పించుకున్నాయి. వాటి మధ్య రోడ్డు వారనున్న పంచాయతీ ఊళ్లు నిబంధన కిందే ఉండిపోయాయి. ఒకే రోడ్డు, ఒకే తాగుబోతు, రెండు న్యాయాలు.

పట్టణంలో వీధిని మళ్లించే అధికారం కౌన్సిలుకు ఉంది. శాశ్వతంగా మూసేయాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి లైసెన్సు ఇచ్చే కౌన్సిలుకు, పలకరాయి తవ్వే గని లీజులో పాత్ర లేదు. అది రాష్ట్రానిది. రంపం కింద లేచే సిలికా దుమ్ము పీల్చేదీ, ఆ రాయి లారీలకు నలిగిన బాటలో నడిచేదీ మాత్రం స్థానికులే. 2014 వీధి వ్యాపారుల చట్టం ఒక వెలుతురు చూపింది. టౌన్ వెండింగ్ కమిటీలో నలభై శాతం స్థానాలు వ్యాపారులకే ఇవ్వాలంది, సర్వే చేయకుండా ఎవరినీ లేపకూడదంది. అయినా రోడ్డు వెడల్పు అనగానే ముందు కదిలేది పూలబుట్టే.

నల్లమల పక్కన బాట మీద పెత్తనం అటవీశాఖది. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రాత్రి తొమ్మిది దాటితే మూత. పులి కోసం పెట్టిన ఆ నియమాన్ని నేను సమర్థిస్తాను. వెలిగొండ ప్రాజెక్టు సంగతి వేరు. దాని జలాశయం నల్లమల సాగర్ కింద పదకొండు ఊళ్లు మునుగుతున్నాయి. 1996లో శంకుస్థాపన జరిగింది. పరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, చేను ఉంటుంది, చెట్టుకూ ధర కడతారు. ఊరి నుంచి ఊరికి తరాలుగా నడిచిన దారికి ధర కట్టే పట్టిక లేదు.

2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో కొత్త పటాలు గీసింది. పాత పొలం కొలతల పుస్తకం (ఎఫ్‌ఎంబీ)లో పట్టా భూమి గుండా పోయే కాలిబాట చుక్కల గీతగా ఉండేది. కొత్త పటంలో ఆ చుక్కలు పడ్డాయా లేదా అన్నది చూసుకోవలసింది రైతే. ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా నడిచిన దారి మీద 1882 సౌలభ్య హక్కుల చట్టం కింద హక్కు వస్తుంది. అది నిరూపించుకోవడానికి సివిల్ కోర్టుకు పోవాలి. 2025 నవంబరులో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు ప్రభుత్వం సరేనంది. గిద్దలూరు రైతుకు కలెక్టరు దగ్గరవుతాడు, మంచిదే. ఇక ముందు వచ్చే పాలకవర్గాలు తమ పరిధిలోని డొంకలన్నీ నడిచి చూసి, పొడవూ, వెడల్పూ, ఎక్కడ మూశారన్నదీ రాసి, ఒక రిజిస్టరు పెట్టుకుని ఏటా గ్రామసభలో చదివి వినిపించవచ్చు. దానికి కర్నూలు అనుమతి గానీ ఒంగోలు అనుమతి గానీ అమరావతి అనుమతి గానీ అక్కర్లేదు.