హలీమా సుల్తాన్ నుంచి నీలోఫర్ దవాఖానా దాకా

2020 రంజాన్‌లో మసీదులకు తాళాలు పడ్డాయి. తరావీహ్ ఇంట్లోనే, ఇఫ్తార్ ఇంట్లోనే. సరిగ్గా మొదటి రోజా నాడు, ఏప్రిల్ 25న, పాకిస్తాన్ టీవీ 'ఎర్తుగ్రుల్ గాజీ'ని ఉర్దూ డబ్బింగ్‌తో మొదలుపెట్టింది. టర్కీలో అది 2014 డిసెంబర్‌లోనే మొదలై 2019 మేలో అయిపోయింది. అయిదు సీజన్లు, 150 ఎపిసోడ్లు, ఒక్కోటి రెండు గంటల సినిమా అంత. యూట్యూబ్ పుణ్యమా అని అది నల్లగొండ, మహబూబ్‌నగర్ మొహల్లాల్లోకీ వచ్చింది. ఉర్దూ చదవడం రాని మన పిల్లలకు కూడా వింటే అర్థమయ్యే జబాన్, పైగా తలపాగాలు, గుర్రాలు, బిస్మిల్లా చెప్పి కత్తి తీసే హీరో. తెలుగు సినిమాలో మనవాడు అంటే పాతబస్తీ గూండానో, హీరోకు ప్రాణమిచ్చే దోస్తో. తెర మీద మన పేరున్న మనిషి నిటారుగా నిలబడటం చూసి పిల్లలు మురిసిపోయారంటే వాళ్ల కసూర్ ఏముంది?

నాలుగు సీజన్ల వరకు అందరిదీ ఒకే మాట. గొడవ అయిదో సీజన్‌తో వచ్చింది. ఉర్దూలో వచ్చేదాకా ఆగలేనివాళ్లు నెట్‌ఫ్లిక్స్‌లో ముందే చూసేశారు. అక్కడ అవే ఎపిసోడ్లను ముక్కలు చేసి 448 చేశారు, కాబట్టి మా బంధువుల మధ్య ఏ నంబర్ ఎపిసోడ్ గురించి కొట్లాడుకుంటున్నారో తేల్చుకోవడానికే సగం పూట పట్టేది. మగపిల్లల షికాయతులు వేరు. నోయాన్ లాంటి దుష్మన్ మళ్లీ రాలేదని, తుర్గుత్ గొడ్డలికి పని తగ్గిందని, ఎర్తుగ్రుల్ ముసలివాడైపోయాడని. నిజమే, ఆ సీజన్ నత్తనడక నడిచింది. కానీ ఆడవాళ్ల షిక్వా వేరే ఉంది. దాన్ని ఎవరూ సరిగ్గా విన్నట్టు లేదు.

నాలుగో సీజన్‌కూ అయిదో సీజన్‌కూ మధ్య కథ పదేళ్లు దూకుతుంది. ఆ దూకుడులో హలీమా సుల్తాన్ లేదు. ఉస్మాన్‌ను కని చనిపోయిందంటారు. అంతే. ఎస్రా బిల్గిచ్ అనే నటి ఆ పాత్రను నాలుగు సీజన్లు మోసింది. సల్జూఖ్ షహజాదీగా వచ్చి, డేరాల్లో బతకడం నేర్చుకుని, ఖబీలాకు పెద్దదిక్కయిన మనిషి. అలాంటి కిర్దార్ ఆఖరి ఘడియలు మనం ఆమె వైపు నుంచి చూడం. ఆ తర్వాత కనిపించేదంతా ఎర్తుగ్రుల్ గమ్. పైగా కొద్ది ఎపిసోడ్లలోనే ఇల్‌బిల్గే అనే కొత్త ఖాతూన్ తయారు.

కల్వకుర్తిలో ఉండే మా ఖాలా అరవై దాటిన మనిషి. ఫోన్‌లో ఆమె అన్నది: "ఇన్నాళ్లు ఇంట్లో మనిషిలా చూపించిన్రు కదా బేటా. పోయేటప్పుడు ఒక్క మాట మాట్లాడనీయొద్దా?" మా భాంజా పక్కనుంచి నవ్వాడు. "ఖాలా, అది తారీఖ్. తారీఖ్‌లో ఆమె గురించి ఏమీ లేదు, వాళ్లేం చేస్తారు?" వాడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. సీరియల్ చూసి నాలుగు వికీపీడియా పేజీలు తిరగేసినవాడు. వాడి మాట బరువైనదే. అందుకే దాన్ని తూచి చూడాలనిపించింది.

హలీమా గురించి తారీఖ్‌లో దాదాపు ఏమీ లేదన్నది నిజం. ఉస్మాన్ తల్లి పేరు హలీమా అన్నది రివాయత్ మాత్రమే, ఆ కాలపు కాగితం ఒక్కటీ లేదు. సోగుత్‌లో ఎర్తుగ్రుల్ మఖ్‌బరా ఆవరణలో ఆమె పేరిట ఒక కబర్ ఉంది. సల్జూఖ్ షహజాదీ అన్నది సీరియల్ రాసినవాళ్లు ఇచ్చిన తాజ్. ఉస్మాన్ 1258లో పుట్టాడని చెప్పుకుంటారు. అది హులాగూ బగ్దాద్‌ను తగలబెట్టిన ఏడాది కాబట్టి, ఒక దీపం ఆరి ఇంకొకటి వెలిగినట్టు కథ చెప్పడానికి బాగుంటుంది. ఆ తేదీ మీద కూడా మువర్రిఖులకు గట్టి నమ్మకం లేదు.

మరి ఎర్తుగ్రుల్ గురించి ఎంత ఉంది? అదీ అంతే! ఉస్మాన్ వేయించిన ఒక సిక్కా మీద తండ్రి పేరుగా 'ఎర్తుగ్రుల్' ఉంది. ఆషిక్ పాషాజాదే లాంటి వాళ్లు ఉస్మానియా ఖాందాన్ చరిత్ర రాసేటప్పటికి ఆయన పోయి దాదాపు రెండు వందల ఏళ్లయింది. సీరియల్‌లో పదే పదే వచ్చి ఆయనకు దారి చూపే ఇబ్న్ అరబీ 1240లో దమిష్క్‌లో వఫాత్ అయ్యారు. ఇద్దరూ కలిసినట్టు దాఖలా లేదు. సాదెద్దీన్ కోపెక్ సంగతి ఇంకా మజా. అతను నిజంగా ఉన్న మనిషే, సల్జూఖ్ దర్బార్‌లో పెద్ద అమీర్, కుట్రదారు కూడా. కానీ ఇమారతులు కట్టించినవాడు కూడా. కొన్యా దగ్గర అతను 1230లలో కట్టించిన పెద్ద సరాయి ఈ రోజుకూ ఉంది. తారీఖ్‌లో అతన్ని చంపించింది సుల్తాన్ గియాసుద్దీన్ కైఖుస్రో. సీరియల్‌లో ఆ తల నరికే భాగ్యం ఎర్తుగ్రుల్‌కు ఇచ్చారు. మా భాంజా ఆ ఎపిసోడ్‌ను మూడుసార్లు చూశాడు. అప్పుడు తారీఖ్ గుర్తుకు రాలేదు.

ఇందులో రాసినవాళ్ల మీద నాకు కోపం లేదు. దాస్తాన్ అంటే అంతే, ఖాళీ ఉన్నచోట కల్పించుకోవాలి. అమీర్ హమ్జా దాస్తాన్ విన్న మన తాతలకు ఆ సంగతి తెలుసు. నా మాటల్లా ఒకటే. మగవాడి గురించి ఒక సిక్కా మీద ఒక్క పేరు ఉంటే దాని చుట్టూ 150 ఎపిసోడ్లు అల్లగలిగినవాళ్లకు, ఆడమనిషి పురిటి మంచం దగ్గరికి వచ్చేసరికి 'తారీఖ్‌లో లేదు' అనడం కుదరదు. అక్కడ లేనిది రాయాలన్న ఖయాల్. సెల్జాన్ ఖాతూన్‌ను చూడండి. మొదటి సీజన్‌లో ఇంటికి నిప్పు పెట్టే మనిషి, తర్వాత తౌబా చేసుకుని ఆ ఇంటికే గోడగా నిలబడింది. మొత్తం సీరియల్‌లో నాకు అన్నింటికన్నా నచ్చిన కిర్దార్ అది. అంటే వాళ్లకు ఆడవాళ్లను రాయడం రాదనీ అనలేం.

ఇంకో సంగతి మనసును మరీ గుచ్చుతుంది. ఆ సీరియల్‌లో ఒక్కో ఆల్ప్ షహీద్ అయితే ఎంత తతంగం! దోగాన్ షహాదత్‌కు మా ఇంట్లో ఆ రాత్రి ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. చివరి మాటలు, కలిమా, ఆకాశం వైపు చూపు, వెనక సంగీతం. మన దీన్‌లో కాన్పులో పోయిన స్త్రీ దర్జా ఏమిటి? షహీదుల జాబితాలో ఆమె కూడా ఉందని అబూ దావూద్, నసాయీ హదీసుల్లో స్పష్టంగా వచ్చింది. చిన్నప్పుడు ఉర్దూ మీడియం బడిలో మౌల్వీ సాబ్ ఈ హదీస్ చెప్పినప్పుడు క్లాసులో వెనక బెంచీల ఆడపిల్లలు తల దించుకోవడం నాకు గుర్తు. అప్పుడది సిగ్గు అనుకున్నా. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ పిల్లల్లో ఎందరి ఇండ్లల్లో అలాంటి జనాజా లేచిందో. అంటే హలీమాది కూడా షహాదతే. గాజీల దాస్తాన్‌లో ఆ షహాదత్‌కు చోటు దొరకలేదు.

తారీఖ్ ఎప్పుడూ ఇలా మూగగానే ఉంటుందా అంటే, కాదు. మన దక్కన్ అంచున బుర్హాన్‌పూర్‌లో 1631 జూన్‌లో ముంతాజ్ మహల్ పద్నాలుగో కాన్పులో పోయింది. షాజహాన్ అప్పుడు దక్కన్ మీదికి ఫౌజుతో వచ్చి ఉన్నాడు. మొఘల్ దర్బారు ముంషీలు ఆ మౌత్‌ను, పాదుషా మాతమ్‌ను రాసిపెట్టారు. తాజ్ మహల్ ముందు నిలబడి ఫోటో దిగే మనకు అది ఒక పురిటి మౌత్‌కు గుర్తు అన్న సంగతే తట్టదు. అయితే ఆమె మలికా కాబట్టి రాశారు. పనిమనిషి అయితే?

ఆ ప్రశ్నకు జవాబు ఎర్తుగ్రుల్ ఖాందాన్‌లోనే ఉంది, అదీ మన హైదరాబాద్‌లో. పిల్లలు ఆ ఖాందాన్ వాళ్లు ఇప్పుడెవరైనా ఉన్నారా అని టర్కీ మ్యాపు వెతుకుతుంటారు. మ్యాపు అక్కర్లేదు. 1924 మార్చి 3న అంకారాలో ఖిలాఫత్‌ను రద్దు చేసి ఉస్మానియా ఖాందాన్ మొత్తాన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. ఆఖరి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఫ్రాన్స్‌లోని నీస్ పట్నంలో తలదాచుకుంటే, మన ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నెలనెలా వజీఫా పంపించాడు. 1931 నవంబర్ 12న అదే నీస్‌లో రెండు నికాహ్‌లు జరిగాయి. ఖలీఫా కూతురు దుర్రెషెహ్వార్‌ను నిజాం పెద్ద కొడుకు ఆజమ్ జాహ్‌కు, ఆ ఖాందాన్‌దే ఇంకో పిల్ల నీలోఫర్‌ను చిన్న కొడుకు మొఅజ్జమ్ జాహ్‌కు ఇచ్చారు. నీలోఫర్‌కు అప్పటికి పదహారేళ్లు కూడా నిండలేదు. 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది, తల్లి వైపు సుల్తాన్ అయిదో మురాద్ వంశం. రెండేళ్లకే తండ్రి పోయాడు, ఎనిమిదేళ్లకు దేశం పోయింది.

ఆమె అందం గురించి, చీరల గురించి రాసినంతగా మిగతా సంగతులు ఎవరూ రాయలేదు. దాన్నీ మనం హలీమా ఖాతాలోనే వేసుకోవచ్చు. ఆమెకు సంతానం కలగలేదు. 1949లో ఆమె దగ్గర పనిచేసే రఫతున్నిసా అనే మనిషి కాన్పులో చనిపోయింది. సరైన దవాఖానా, సరైన వైద్యం అందక. మామగారితో చెప్పి ఆడవాళ్లకు, పసిపిల్లలకు ఒక దవాఖానా కట్టించాలని నీలోఫర్ పట్టుబట్టింది. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది, రాజ్యం పోయింది, ఊళ్లల్లో మనవాళ్లు ఇంకా వెనకా ముందూ చూసుకుంటూ బతుకుతున్న రోజులు. 1953లో రెడ్‌హిల్స్‌లో ఆ దవాఖానా తెరుచుకుంది. అంతకు ముందు ఏడాదే నీలోఫర్‌కు తలాఖ్ అయిపోయింది. తన పేరున్న దవాఖానా నడిచిన కాలమంతా ఆమె పారిస్‌లో బతికింది. 1989లో అక్కడే కన్నుమూసింది, బోబిన్యీ ముస్లిం ఖబ్రస్తాన్‌లో కబర్.

నీలోఫర్ అంటే నల్లగొండ, పాలమూరు వాళ్లకు వేరే చెప్పాలా! బిడ్డకు ఫిట్స్ వచ్చినా, నెలలు నిండకుండా పుట్టినా జిల్లా దవాఖానాలో డాక్టర్ చీటీ మీద రాసే మాట అదే. రాత్రికి రాత్రి వంద కిలోమీటర్లు. లక్డీకాపూల్‌లో దిగి, బిడ్డను పమిటలో చుట్టుకుని పరుగెత్తిన తల్లుల్లో హిందువు, ముస్లిం, లంబాడా, దళిత అందరూ ఉన్నారు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016 నుంచి, నల్లగొండలో 2019 నుంచి సర్కారీ మెడికల్ కాలేజీలు ఉన్నాయి గనుక ఆ పరుగు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మా ఖాలా కూడా 1990లలో కల్వకుర్తి నుంచి రెండో కొడుకును అలాగే ఎత్తుకెళ్లి పదకొండు రోజులు వరండాలో పడుకుంది. నీలోఫర్ అంటే ఎవరో పెద్ద డాక్టరమ్మ పేరు అనుకుందట ఇన్నాళ్లూ. ఆమె ఎర్తుగ్రుల్ వంశమని చెబితే కాసేపు నమ్మలేదు. రఫతున్నిసా సంగతి చెబితే మాత్రం వెంటనే నమ్మింది.

మా భాంజా ఇంకా ఓడిపోలేదు. "మామూ, ఆ నటి సీరియల్ వదిలేసింది కదా, ముఖం లేకుండా సీన్ ఎలా తీస్తారు?" అంటాడు. ఇది ప్రొడక్షన్ మాట, దీనికి జవాబు కూడా అదే ప్రొడక్షన్ ఇచ్చింది. ఎర్తుగ్రుల్ అయిపోయాక 2019లో 'కురులుష్ ఉస్మాన్' మొదలుపెట్టారు. రాసి తీసిందీ అదే మెహ్మెత్ బోజ్‌దాగ్. దాని రెండో సీజన్‌లో ముసలి ఎర్తుగ్రుల్ కావాల్సి వచ్చింది. పాత నటుడు ఎంగిన్ ఆల్తాన్ రాలేదు. అయినా కథ ఆగలేదు. తామెర్ యిగిత్ అనే ఇంకో నటుడిని పెట్టి, ఆ పాత్రను మాట్లాడనిచ్చి, బీమారీలో పడుకోబెట్టి, తెర మీదే వఫాత్ చేయించారు. ముఖం మారిందని మా పిల్లలు నెల రోజులు గొణిగారు. ఎంగిన్ లేని ఎర్తుగ్రుల్ ఎర్తుగ్రులే కాదని, ఆ ఎపిసోడ్ ఇజ్జత్ తీసిందని. ఖాలా ఆ ఎపిసోడ్ చూడనే లేదు.