పొరుగువాడి పార, సర్కారు బుల్డోజరు
(1949 అమెరికా మంచు తుఫానుల కథ)

ఎక్కడైనా తుఫానో వరదో వచ్చి సద్దుమణగగానే మనవాళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "గవర్నమెంటు ఏం చేస్తోంది? ఇంతవరకు ఒక్కడూ రాలేదే!" అనేది ఒకటి. "ఆ రోజుల్లో ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడేవారు, ఇప్పుడన్నీ సర్కారే చేసిపెట్టాలి" అనేది రెండోది. యూనిఫాంలో సహాయ కార్యక్రమాలకు వెళ్ళివచ్చిన మనందరికీ ఈ రెండూ బాగా తెలిసిన మాటలే. వీటిలో ఏది నిజం?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి 1949 నాటి ఒక ఘట్టాన్ని ఎన్నుకున్నాను. దానికి రెండు కారణాలు. స్వయంశక్తికి ప్రపంచమంతా చెప్పుకునే జనం అందులో ఉన్నారు. వారికి సాయం చేసిన సైన్యాన్ని నడిపిన జనరల్, అంతకు కొద్ది సంవత్సరాల ముందే మన అస్సాం నుంచి రోడ్డు వేసిన ఇంజనీరు.

ఆ నేల, ఆ మనుషులు

అమెరికా నడిబొడ్డున నెబ్రాస్కా, వయోమింగ్, డకోటా రాష్ట్రాల్లో పెద్ద మైదానాలున్నాయి. కంటి చూపు ఆనినంత మేర అడ్డుగా ఓ గుట్ట కూడా కనబడదు. పశువులు మేపుకునే రైతులు. ఒక ఇంటికీ మరో ఇంటికీ మధ్య మైళ్ళ దూరం. అక్కడి చలికాలపు తుఫానును బ్లిజార్డ్ అంటారు. కురిసే మంచు కంటే దాన్ని విసిరికొట్టే గాలి ప్రమాదం. చాచిన చెయ్యి తనకే కనబడదు. ఇంటి నుంచి పశువుల కొట్టం దాకా తాడు కట్టుకుని, దాన్ని పట్టుకుని వెళ్ళివచ్చేవారు. తాడు వదిలితే సొంత పెరట్లోనే దారి తప్పి గడ్డకట్టి చనిపోయిన వాళ్ళున్నారు.

1888 జనవరి 12న అదే జరిగింది. పొద్దున వాతావరణం హాయిగా ఉంది. పిల్లలు పలచని బట్టలతో బడికి వెళ్ళారు. ఒక్కసారిగా తుఫాను విరుచుకుపడింది. 235 మంది చనిపోయారని అంచనా. వారిలో చాలామంది బడిపిల్లలు. అందుకే దానికి 'బడిపిల్లల బ్లిజార్డ్' అనే పేరు నిలిచిపోయింది. ఆ రోజుల్లో అమెరికాలో వాతావరణ సూచనలు ఇచ్చే బాధ్యత ఆర్మీ సిగ్నల్ కోర్‌ది. 1891లో గాని అది సివిల్ శాఖకు మారలేదు. సూచన ఉన్నా మారుమూల పల్లెకు అందే మార్గం లేదు. నెబ్రాస్కాలో మిన్నీ ఫ్రీమన్ అనే యువ టీచరు తన పిల్లల్ని ఆ తుఫానులోనే నడిపించి క్షేమంగా ఒక ఇంటికి చేర్చింది. ఆ సాయంత్రం పిల్లల్ని కాపాడింది టీచర్లు, తల్లిదండ్రులు, ఇరుగుపొరుగులే. ప్రభుత్వం అనేది ఆ దరిదాపుల్లో లేదు.

ఉండాలన్న ఆలోచన కూడా అప్పటికి బలంగా లేదు. దాదాపు ఏడాది ముందు, 1887 ఫిబ్రవరిలో, టెక్సాస్ కరువు రైతులకు విత్తనాల కోసం 10,000 డాలర్లు ఇచ్చే బిల్లును అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ వీటో చేశాడు. ప్రజలు ప్రభుత్వాన్ని పోషించాలేగాని, ప్రభుత్వం ప్రజల్ని పోషించకూడదన్నది ఆయన వాదన. స్వయంశక్తిని పొగిడేవారు ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. కాని తరువాత సంగతి కూడా ఉంది. రెడ్‌క్రాస్ క్లారా బార్టన్ టెక్సాస్ వెళ్ళింది, దాతలు ముందుకొచ్చారు, చివరికి ఆ రాష్ట్ర శాసనసభ కూడా డబ్బు మంజూరు చేసింది. ఇంకొక మాట. ఆ మైదానాల్లో చాలా కుటుంబాలకు భూమి వచ్చిందే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద, తలా 160 ఎకరాలు, ప్రభుత్వం చేతి మీదుగా. కాబట్టి 'ఎవరి సాయం లేకుండా' అన్న మాటను కాస్త జాగ్రత్తగానే వాడాలి.

1949 జనవరి

1949 జనవరి 2న మొదలైన బ్లిజార్డ్ మూడు రోజుల పాటు వీచింది. అది ఒక్కటే అయితే ఆ జనం లెక్కచేసేవారు కాదు. దాని వెనకే మరొకటి, మరొకటి, ఫిబ్రవరి మధ్య దాకా వస్తూనే ఉన్నాయి. తవ్విన దారి తెల్లారేసరికి మళ్ళీ పూడిపోయేది. ఇళ్ళ కప్పుల ఎత్తున మంచు దిబ్బలు. రైళ్ళు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వేలూ లక్షలుగా పశువులు మేత లేక మంచులో నిలబడిపోయాయి.

మొదటి రోజుల్లో ఎవరు ఆదుకున్నారు? చిన్న ఊళ్ళ వాళ్ళు ఇళ్ళు, చర్చిలు, బడులు తెరిచి ప్రయాణీకులకు అన్నం పెట్టారు. సొంతంగా చిన్న విమానాలు ఉన్నవారు చక్రాల బదులు స్కీలు బిగించి మందులు మోశారు, రోగుల్ని ఆసుపత్రులకు చేర్చారు. ఒకరి సరుకులు ఇంకొకరు పంచుకున్నారు. ఎవరూ ఆర్డరు ఇవ్వలేదు, ఎవరూ ఫైలు కదపలేదు.

కాని మూడో వారం వచ్చేసరికి పార పట్టిన చేతులు ఓడిపోయాయి. ఇంట్లో బొగ్గు అయిపోయింది, కొట్టంలో గడ్డి అయిపోయింది. పొరుగువాడు మంచివాడే, కాని వాడూ మంచులోనే ఉన్నాడు. కౌంటీల దగ్గర ఉన్న యంత్రాలు అరకొర. స్వయంశక్తికి హద్దు అక్కడ కనబడింది.

ఆపరేషన్ స్నోబౌండ్

మొదట ఆకాశం నుంచి సాయం వచ్చింది. జనవరి చివర ఎయిర్‌ఫోర్సు 'ఆపరేషన్ హేలిఫ్ట్' పేరుతో రవాణా విమానాల నుంచి గడ్డి మోపులు జారవిడిచింది. డకోటాలతో పాటు సి-82 పాకెట్లు వాడారు. మన ఎయిర్‌ఫోర్సు పాతతరం వారికి పాకెట్ అంటే సి-119 గుర్తుకొస్తుంది. 1962 జులైలో దౌలత్ బేగ్ ఓల్డీలో దిగింది అదే. ఈ సి-82 దానికి అన్న. ఒక విశేషం ఏమిటంటే, ఎవరి మంద ఎక్కడ ఉందో పైలట్‌కు తెలియదు కాబట్టి రైతులే విమానం ఎక్కి కిందికి చూసి దారి చెప్పేవారు.

జనవరి 29న అధ్యక్షుడు ట్రూమన్ నిర్ణయంతో పని ఐదవ ఆర్మీకి అప్పగించారు. దానికే 'ఆపరేషన్ స్నోబౌండ్' అని పేరు. ఒమాహాలో హెడ్‌క్వార్టర్స్ పెట్టి నడిపింది మేజర్ జనరల్ లూయిస్ పిక్. ఈయన 1943 అక్టోబరులో అస్సాంలోని లెడో నుంచి బర్మా అడవుల గుండా వేస్తున్న రోడ్డు పని చేపట్టి, 1945 జనవరి 12న మొదటి కాన్వాయ్‌ని లెడో నుంచి బయల్దేరదీసి, ఫిబ్రవరి 4న చైనాలోని కున్‌మింగ్ చేర్చాడు. ఆ రోడ్డు కింద అమెరికన్ సైనికులతో పాటు మన భారతీయ కూలీల చెమట కూడా ఉంది. బురదలో నేర్చిన పాఠం మంచులో పనికొచ్చింది: యంత్రాలు ఎన్నున్నా దారి తెలిసిన స్థానికుడు పక్కన లేకపోతే పని సాగదు.

పిక్ అన్నీ సైనికులతోనే చేయించలేదు. ప్రైవేటు కాంట్రాక్టర్ల బుల్డోజర్లను, వాటి డ్రైవర్లను అద్దెకు తీసుకున్నాడు. రోడ్డు ఆనవాలు లేని చోట రైతు దారి చూపేవాడు, బుల్డోజరు వెనక నడిచేది. పనివాళ్ళకు తిండి, పడక పల్లెల్లోనే. రెడ్‌క్రాస్ తన పని తాను చేసింది. మార్చి మధ్యలో పని ముగిసేసరికి, సైన్యం లెక్క ప్రకారం 1,15,000 మైళ్ళకు పైగా రోడ్లు తెరుచుకున్నాయి. దాదాపు 2,40,000 మందికి బయటికి దారి దొరికింది. సుమారు 40,00,000 పశువులకు మేత అందింది. పిక్ అదే మార్చి 1న అమెరికా సైన్యపు చీఫ్ ఆఫ్ ఇంజనీర్స్ అయ్యాడు.

ఎవరిది గొప్ప?

ఈ కథను ఇద్దరూ తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. సర్కారు సాయాన్ని వెక్కిరించేవారు మొదటి మూడు వారాలు చూపిస్తారు. అంతా సర్కారే చెయ్యాలనేవారు తరువాతి ఆరు వారాలు చూపిస్తారు. రెండూ కలిపి చూస్తేనే అసలు సంగతి బోధపడుతుంది. ఇది ఎవరు గొప్ప అన్న పోటీ కాదు, ఎవరి వంతు ఎప్పుడన్న లెక్క. మొదటి గంటలు, మొదటి రోజులు ఎప్పుడూ పొరుగువాడివే. ఎంత గొప్ప సైన్యమైనా కదిలి రావడానికి సమయం పడుతుంది. పొరుగువాడి బలం అయిపోయే చోట ప్రభుత్వం అందుకోవాలి. అందుకోవడం ఆలస్యమైతే స్వయంశక్తి అన్నది మనిషిని ఒంటరిగా వదిలేయడానికి ఓ మంచి పేరు మాత్రమే అవుతుంది.

అమెరికా ఆ పాఠం కొంత నేర్చుకుంది. ప్రతి విపత్తుకూ విడిగా చట్టం చేసే పద్ధతి మాని, 1950లో శాశ్వతమైన విపత్తు సహాయ చట్టం తెచ్చుకుంది. 1949లో నెబ్రాస్కా గవర్నరుగా ఉన్న వాల్ పీటర్సన్‌ని 1953లో దేశపు పౌర రక్షణ సంస్థకు అధిపతిని చేశారు.

మన దివిసీమ

మనకు మంచు తుఫాను లేదు గాని కార్తీకమాసపు తుఫాను ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. అక్కడ మొదటి పోటు పొరుగువాడు కూడా ఆపలేనిది, ఎందుకంటే పొరుగువాడూ అదే నీటిలో పోయాడు. ఆ తరువాత సైన్యం, ప్రభుత్వం, రామకృష్ణ మిషన్ లాంటి సేవాసంస్థలు, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన సామాన్య జనం చేయి కలిపితేనే ఆ ఊళ్ళు మళ్ళీ లేచాయి.

అసలు తేడా 1990 మే నెలలో కనబడింది. అదే కృష్ణా తీరాన్ని మళ్ళీ భయంకరమైన తుఫాను తాకింది. ఈసారి చనిపోయినవారు 1,000 లోపు. ప్రతి ప్రాణమూ విలువైనదే, కాని 10,000 ఎక్కడ, ఇది ఎక్కడ! మధ్యలో జరిగిందేమిటి? ప్రభుత్వం తుఫాను షెల్టర్లు కట్టింది, హెచ్చరిక వ్యవస్థను బాగుచేసింది, 6,00,000 మందికి పైగా జనాన్ని ముందే తరలించింది. జనం ఆ హెచ్చరిక నమ్మి కదిలారు. షెల్టరు కట్టడం సర్కారు పని. పక్కింటి ముసలమ్మను చేయి పట్టుకుని ఆ షెల్టరుకు తీసుకెళ్ళడం మాత్రం ఏ సర్కారూ చేయలేదు.

ఇక్కడే మన పాత్ర వస్తుంది. 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, మరుసటి ఏడాది నుంచి ఎన్‌డీఆర్‌ఎఫ్ పనిచేస్తోంది. అయినా వాళ్ళు చేరేలోపు కొన్ని గంటలు ఉంటాయి. ఆ గంటల్లో ప్రథమ చికిత్స తెలిసినవాడు, తాడు ముడి వెయ్యడం తెలిసినవాడు, నలుగుర్ని ఒక చోటికి చేర్చి తలో పని చెప్పగలిగినవాడు ఊళ్ళో ఎవరు? చాలా పల్లెల్లో ఆ మనిషి పెన్షను తీసుకుంటున్న మాజీ సైనికుడే. సర్వీసులో ఉన్నప్పుడు మనం 'ఎయిడ్ టు సివిల్ అథారిటీ' కింద సర్కారు బుల్డోజరుతో వెళ్ళాం. రిటైరై ఊరు చేరాక పొరుగువాడి పార మన చేతికొస్తుంది. ఈ రెంటి విలువా తెలిసినవాళ్ళం మనమే. తీరంలో ఉన్న మన సభ్యులు ఈ ఏడు కార్తీకం రాకముందే తమ ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉందో, కదల్లేని ముసలివాళ్ళు ఏ ఇళ్ళల్లో ఉన్నారో ఒక కాగితం మీద రాసిపెట్టుకుంటే చాలు. సగం పని అయినట్టే.

జై హింద్.