ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు ఇంట హత్య: 1860 నాటి ఒక లోకాపవాదం

లోకాపవాదం అనే మాట వినగానే మనకు ఉత్తరకాండ స్ఫురిస్తుంది. సీత మీద నింద వేసినవాడు చాకలి అని పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు. 1963లో వచ్చిన ‘లవకుశ’ చిత్రం ఆ సంగతిని చదువురానివారికి సైతం కంఠస్థం చేయించింది. కాని వాల్మీకి పేరున వున్న ఉత్తరకాండలో చాకలి లేడు. అక్కడ భద్రుడనేవాడు రాముని ఎదుట చేతులు కట్టుకొని నిలబడి, వీధుల్లోనూ అంగళ్లలోనూ పౌరులు చెప్పుకొంటున్న మాటలను విన్నవిస్తాడు. పట్టణమంతా అన్న మాట కాలక్రమాన ఒక్క చాకలి నెత్తికి ఎలా చుట్టుకొన్నది? తరగతిలో నేనీ ప్రశ్న వేసినప్పుడల్లా విద్యార్థులు నవ్వుతారు. నింద ఎక్కడ పుట్టింది అన్నది ఒక ప్రశ్న, చివరకు ఎవరి మీద వాలింది అన్నది ఇంకొక ప్రశ్న. రెండవదాన్ని మన విమర్శకులు అంతగా పట్టించుకోలేదు. దానికి జవాబు వెదకటానికి నేను ఇక్కడ అయోధ్యను విడిచి ఇంగ్లాండుకు వెళుతున్నాను. అక్కడ పత్రికలు వున్నాయి, న్యాయస్థానపు వాఙ్మూలాలు వున్నాయి. ఎవరు ఎవరిని ఏ తేదీన ఏమన్నారో చూడవచ్చు.

విల్ట్‌షైర్, సోమర్‌సెట్ జిల్లాల సరిహద్దున రోడ్ అనే గ్రామం వుంది. ఆ గ్రామపు పెద్ద ఇల్లు రోడ్ హిల్ హౌస్. 1860 జూన్ 29 రాత్రి ఆ ఇంట్లో పన్నెండుగురు నిద్రించారు. తెల్లవారేసరికి నాలుగేళ్లయినా నిండని సావిల్ కెంట్ అనే పసివాడు తన పక్కలో లేడు. కొన్ని గంటల తరువాత తోటలోని మరుగుదొడ్డిలో, గొంతు కోయబడి, వాని శవం దొరికింది. బయటివాళ్లు ఇంట్లో ప్రవేశించిన జాడలు కనిపించలేదు. కనుక చంపినవారు ఇంట్లోవారే అయివుండాలి. ఈ ఒక్క అనుమానం చాలు, ఇంగ్లాండు దేశమంతా ఆ ఇంటి పడకగదుల్లోకి తొంగిచూడటానికి.

ఇంటి యజమాని శామ్యూల్ కెంట్ ఉద్యోగం మనవంటి పాఠకులు గమనించదగినది. అతడు ఫ్యాక్టరీ సబ్-ఇన్‌స్పెక్టరు. 1833 నాటి ఫ్యాక్టరీ చట్టం మిల్లుల్లో పసిపిల్లల చాకిరీని అదుపులో పెట్టటానికి ఇన్‌స్పెక్టర్లను నియమించింది. 1844 చట్టం ఎనిమిదేళ్లు మొదలు పదమూడేళ్ల లోపు పిల్లలకు రోజుకు ఆరున్నర గంటల పనిని, దానితోపాటు కొంతసేపు చదువును నిర్ణయించింది. మార్క్స్ ‘పెట్టుబడి’లో పనిదినాన్ని గురించి వ్రాసిన అధ్యాయం ఈ ఇన్‌స్పెక్టర్ల నివేదికల మీదనే చాలావరకు నిలబడి వుంది, లియొనార్డ్ హార్నర్‌ను ఆయన ఎంత మెచ్చుకొన్నాడో మనకు తెలుసు. శామ్యూల్ కెంట్ హార్నర్ అంతటివాడు కాడు. అయినా పడమటి జిల్లాల ఉన్ని మిల్లుల్లోకి చట్టం పేరు చెప్పి వెళ్లగలిగిన మనిషి. అతడంటే మిల్లు యజమానులకు గిట్టదు. పిల్లల కూలి తగ్గిపోయిన తల్లిదండ్రులకూ గిట్టదు. ఇదిగాక ఏటిలో చేపలు పట్టుకొన్న ఊరివాళ్ల మీద అతడు కేసులు పెట్టాడు. తన దొడ్డికీ పేదల గుడిసెలకూ మధ్య కంచె వేయించాడు. పసిపిల్లల మేలు కోరే చట్టానికి ప్రతినిధే, తన ఊరిలో మాత్రం చిన్న జమీందారు! ఈ వైరుధ్యం అతని వ్యక్తిగతమైనది కాదు, అతని తరగతిది.

అటువంటి మనిషి ఇంట్లో పసివాడు చచ్చిపోయాడు. అప్పటికే ఊరిలో ఆ ఇంటిని గురించి కథ ఒకటి నడుస్తున్నది. మొదటి భార్యకు మతి చలించిందని చెప్పి ఆమెను పక్కకు నెట్టారనీ, పిల్లలకు పాఠాలు చెప్పటానికి వచ్చిన గవర్నెస్సే ఇంటి పెత్తనమంతా చేసిందనీ చెప్పుకొనేవారు. 1852లో మొదటి భార్య చనిపోగా మరుసటి ఏడాది కెంట్ ఆ గవర్నెస్‌నే పెళ్లాడాడు. చనిపోయిన పసివాడు ఈ రెండవ భార్య కొడుకు. మొదటి భార్య పిల్లల్లో పదహారేళ్ల కాన్‌స్టన్స్, పదిహేనేళ్లు నిండవస్తున్న విలియం చిన్నవారు. 1856లో కాన్‌స్టన్స్ జుట్టు కత్తిరించుకొని, మగపిల్లవాని దుస్తులు వేసుకొని, తమ్మునితో కలిసి ఇంట్లోంచి పారిపోయి, బాత్ పట్టణంలో పట్టుబడింది. కత్తిరించిన జుట్టునూ విడిచిన బట్టలనూ ఆమె పడవేసిన చోటు ఆ మరుగుదొడ్డే. సవతితల్లి కింద నలిగే ఆడపిల్ల చేసిన ఈ సాహసం నాలుగేళ్ల తరువాత ఆమె మీద సాక్ష్యమై కూర్చున్నది.

శవ పంచాయతీ జూలై 2న జరిగింది. కెంట్ పిల్లలను కూడా ప్రశ్నించాలని ఊరి జ్యూరీ పట్టుబట్టింది. కరోనరుకు అది ఇష్టం లేదు. పెద్దమనిషి ఇంటి పిల్లలను పదిమందిలో నిలబెట్టడమా? చివరకు ఆయనే జ్యూరీని వెంటబెట్టుకొని కెంట్ ఇంటికి వెళ్లి, వంటగదిలో వాళ్లను నాలుగు మాటలు అడిగి వచ్చాడు. ఊరివాళ్ల కోపానికి ఇందులో న్యాయం లేదని నేననను. పనివాళ్లు హాలులో జనం ముందు సాక్ష్యం చెప్పవచ్చు, దొరబిడ్డలకు మాత్రం వంటగది చాటు!

పోలీసులు ముందు పట్టుకొన్నది ఆయాను. ఎలిజబెత్ గఫ్, ఐజిల్‌వర్త్‌లో రొట్టెలు కాల్చి అమ్మేవాని కూతురు, ఇరవైమూడేళ్లకు లోపు పిల్ల. పసివాడు ఆమె గదిలోనే పడుకొనేవాడు. మంచం ఖాళీగా వుండటం తెల్లవారుజామునే చూశాననీ, తల్లి తీసుకొనిపోయి వుంటుందనుకొన్నాననీ ఆమె చెప్పింది. ఈ మాట నిజమే కావచ్చునని ఎవరికీ తోచలేదు. జూలైలో ఆమెను నిర్బంధించి వదిలారు. సెప్టెంబరు చివర మళ్లీ పట్టుకొన్నారు. అక్టోబరులో ట్రౌబ్రిడ్జ్‌లో మేజిస్ట్రేట్ల ముందు రోజుల తరబడి నిలబెట్టి మళ్లీ వదిలారు. రుజువన్నది ఒక్కటీ దొరకలేదు. కాని ఆమెకూ యజమానికీ సంబంధం వున్నదని, ఆ రాత్రి పసివాడు మేలుకొని చూశాడని, అందుకే చంపారని పల్లెలో మొదలైన మాట లండనుదాకా పాకింది.

ఇంకొక స్త్రీ కూడా వుంది, హెస్టర్ హాలీ. ఆమె చాకలిది! సోమవారంనాడు కెంట్ ఇంటి మాసిన బట్టల బుట్ట ఆమె ఇంటికి వెళ్లింది. కాన్‌స్టన్స్ మూడు రాత్రి గౌనుల్లో ఒకటి లెక్కకు రాలేదు. బుట్టలో వేశామని ఇంట్లోవాళ్లన్నారు. బుట్టలో లేదని చాకలిది అన్నది. వెంటనే అనుమానం ఆమె మీదికి తిరిగింది. పెద్దింటి జాబితా ఒకటీ, పేద మనిషి మాట ఒకటీ ఎదురుపడినప్పుడు ఏది సాక్ష్యమవుతుందో, ఏది అబద్ధమవుతుందో చెప్పనక్కరలేదు.

ఆ గౌను విలువను గ్రహించినవాడు ఒక్కడే: స్కాట్లండ్ యార్డ్ నుంచి జూలై మధ్యలో వచ్చిన జోనథన్ విచర్. 1842లో ఎనిమిదిమందితో ఏర్పడిన డిటెక్టివ్ దళంలో ఇతడు తొలితరం వాడు, కాంబర్‌వెల్ తోటమాలి కొడుకు. జూలై 20న అతడు కాన్‌స్టన్స్‌ను అరెస్టు చేశాడు. వారం తరువాత ఊరి టెంపరెన్స్ హాలులో విచారణ జరిగింది. ఆమె తరఫు వకీలు ఎడ్లిన్ ముద్దాయి కంటె డిటెక్టివ్‌నే ఎక్కువగా విచారించాడని చెప్పవచ్చు. బహుమానం కోసం ఆశపడి, ఒక మర్యాదస్తుల కన్యను రచ్చకీడ్చాడని అతడన్నప్పుడు హాలు చప్పట్లతో మారుమ్రోగింది. 200 పౌండ్ల జామీను మీద ఆమె ఇంటికి వెళ్లింది. ఆగస్టులో పార్లమెంటులో కూడా విచర్‌ను నిందించారు. 1864లో, ఆరోగ్యం చెడి, అతడు ఉద్యోగం విరమించాడు.

కూలివాని బిడ్డ పెద్దింటి బీరువా తెరిచి లోబట్టలు లెక్కపెట్టడం, అదీ మధ్యతరగతి సహించలేకపోయిన నేరం. మిల్లు యజమాని ఇన్‌స్పెక్టరును చూసి, నా మిల్లులో నీకేం పని అంటాడు. అదే ఇన్‌స్పెక్టరు తరగతి డిటెక్టివ్‌ను చూసి, మా ఇంట్లో నీకేం పని అన్నది. రెండూ ఒకే సూత్రం.

ఇక పత్రికలు. 1855లో వార్తాపత్రికల స్టాంపు సుంకం రద్దయింది. ఒక్క పెన్నీకి దినపత్రిక దొరికింది. చౌక పత్రిక ప్రజాస్వామిక విజయమే, సందేహం లేదు. దానికోసం ఎందరో జైళ్లకు వెళ్లారు. కాని ఆ పత్రికకు ప్రతి ఉదయం సరుకు కావాలి. రోడ్ హిల్ ఇల్లు ఆ సరుకైంది. గురువులు, వైద్యులు, గృహిణులు తమతమ సిద్ధాంతాలను పత్రికలకు వ్రాశారు, హోం మంత్రికి వ్రాశారు. లండనులో ఒక తాపీ పనివాడు తానే చంపానని ఒప్పుకొన్నాడు; విచారిస్తే అతనికీ ఈ హత్యకూ ఏ సంబంధమూ లేదని తేలింది. అంతటి డికెన్స్, 1850లో తన పత్రికలో డిటెక్టివ్‌లను, అందులో పేరు కొంచెం మార్చి ఈ విచర్‌నే, ఆకాశానికెత్తినవాడు, ఇప్పుడు విల్కీ కాలిన్స్‌కు వ్రాసిన లేఖలో తండ్రీ ఆయా కలిసి చంపారని తేల్చివేశాడు. పేదపిల్లల కన్నీళ్లను అంత బాగా ఎరిగిన నవలాకారునికి రొట్టెలవాని కూతురి కన్నీళ్లు కనిపించకపోవడం నాకు బాధగానే వుంటుంది. శామ్యూల్ కెంట్ స్నేహితుడైన స్టేపుల్టన్ అనే వైద్యుడు 1861లో ఈ కేసు మీద ఏకంగా పుస్తకమే ప్రకటించాడు. తన మిత్రుని గౌరవం కాపాడటం ఆయన ఉద్దేశం. అందుకోసం చనిపోయిన మొదటి భార్య పిచ్చిని, అది పిల్లలకు సంక్రమించే తీరును వివరించాడు. ఒక కుటుంబం పరువు నిలపడానికి అదే కుటుంబంలోని నోరులేని స్త్రీని బలిపెట్టారు.

ఇక్కడ మన మిత్రులు కొందరు ఒక వాదం చేస్తారు. పెద్దవాళ్ల ఇళ్లను గురించి జనం చెప్పుకొనే మాటలు ఒకరకమైన ప్రజాన్యాయస్థానమే కదా, కోర్టులు చెప్పని నిజాన్ని వీధి చెబుతుంది కదా అని. ఈ వాదంలో బొత్తిగా సారం లేకపోలేదు. హత్య జరిగిన రోజునే పోలీసులకు వంటింటి పక్కన పొయ్యిగూటిలో నెత్తురంటిన లోచొక్కా ఒకటి దొరికింది. అది స్త్రీల నెలసరి సంగతి అనుకొని, సిగ్గుపడి, ఆ విషయం బయటికి పొక్కనీయలేదు. విచర్‌కు సైతం చెప్పలేదు. ఆ రాత్రే శామ్యూల్ కెంట్ ఇద్దరు కానిస్టేబుళ్లను వంటగదిలో పెట్టి తలుపు గడియ వేశాడు. నవంబరులో సాండర్స్ అనే ఒక మేజిస్ట్రేటు, ఏ అధికారమూ లేకుండా, టెంపరెన్స్ హాలులో కూర్చొని, దారినపోయేవాళ్లందరినీ పిలిచి విన్నవీ కన్నవీ చెప్పమన్నాడు. దేశమంతా అతనిని చూసి నవ్వింది. అయినా లోచొక్కా సంగతి మొదట బయటపడింది ఆ నవ్వులాటలోనే.

కాని ఆ వీధి న్యాయస్థానం శిక్షించింది ఎవరిని? శామ్యూల్ కెంట్‌ను జనం ఈసడించారు, వెక్కిరించారు, నిజమే. అతడు ఊరు విడిచి వేల్స్‌కు వెళ్లాడు, ఉద్యోగం మాత్రం నిలుపుకొన్నాడు. చెరలో పడింది ఆయా. నోరు మూయించబడింది చాకలిది. పని పోగొట్టుకొన్నది డిటెక్టివ్. జనం కోపానికి మూలమైన పిల్లల కూలి, కంచె, చేపలు, వీటిని పత్రికలు అంతగా పట్టించుకోలేదు. న్యాయమైన వర్గక్రోధం పడకగది కథగా మారి, మిల్లు యజమాని కాఫీబల్ల మీద దినపత్రికై వాలింది. మిల్లు యజమానికి ఇంతకంటె కావలసిందేముంది?

మన కాలం సంగతీ ఒక మాట. 2008లో నోయిడాలో పధ్నాలుగేళ్లు నిండని బాలిక హత్యకు గురయింది. మొదటిరోజు అందరూ హంతకుడన్నది ఇంటి పనివానిని. మరునాడు అతని శవం డాబా మీద దొరికింది. తరువాత టెలివిజన్లు ఆ బాలిక శీలాన్నీ తల్లిదండ్రుల శీలాన్నీ నెలల తరబడి బేరం పెట్టాయి. నడుమ ముగ్గురు పనివాళ్లను పట్టుకొని, మత్తుమందు పరీక్షలు చేసి, అభియోగ పత్రం దాఖలు చేయలేక వదిలారు. తల్లిదండ్రులకు 2013లో శిక్ష పడింది, 2017లో అలహాబాదు హైకోర్టు వారిని నిర్దోషులన్నది. మన జ్ఞాపకంలో నిలిచింది ఆ తల్లిదండ్రులు. చచ్చిపోయిన పనివానినీ, వదిలివేయబడిన ముగ్గురినీ ఎంతమంది తలుస్తారు?

రోడ్ హిల్ కథకు వస్తే, 1865 ఏప్రిల్‌లో కాన్‌స్టన్స్ లండను వచ్చి, బో స్ట్రీట్ కోర్టులో నేరం ఒప్పుకొన్నది. విచర్ చెప్పినదే నిజమైంది. పసివాని మీద తనకు ద్వేషం లేదనీ, తన తల్లినీ తోబుట్టువులనూ సవతితల్లి చిన్నచూపు చూసినందుకు ప్రతీకారం చేశాననీ ఆమె చెప్పింది. మరణశిక్ష యావజ్జీవంగా మారింది; ఇరవై ఏళ్లు జైలులో వున్నది; 1885లో విడుదలై, పేరు మార్చుకొని ఆస్ట్రేలియా వెళ్లి, నర్సుగా పనిచేసి, 1944లో నూరేళ్ల వయస్సులో కన్నుమూసింది. విలియం సముద్రజీవ శాస్త్రజ్ఞుడైనాడు. గ్రేట్ బారియర్ రీఫ్‌ను గురించి 1893లో గొప్ప గ్రంథం వ్రాశాడు.

ఆమె ఒప్పుకొన్నా లోకం ఊరుకోలేదు. ఆమె చెప్పిన కత్తి గాయాలకు సరిపోదని, తమ్ముని కాపాడటానికే నేరం నెత్తిన వేసుకొన్నదని ఈనాటికీ వ్రాసేవారున్నారు. కాలిన్స్ 1868లో ‘మూన్‌స్టోన్’ నవలలో మరకపడిన రాత్రి గౌనును వాడుకొన్నాడు. ఆ నవల తరువాత డిటెక్టివ్ నవల ఇంగ్లాండులో ఒక పరిశ్రమ అయింది. ఆయాకు ఏ పత్రికా క్షమాపణ చెప్పినట్లు నేను చదవలేదు. గౌను బుట్టలో లేదని హెస్టర్ హాలీ మొదటినుంచీ చెప్పిన మాట నిజమని మాత్రం ఆ ఒప్పుకోలుతో తేలింది. పొయ్యిగూటిలోని లోచొక్కా ఎవరిదో తేలనేలేదు.