అద్దె ఇంటి మరమ్మతు: జువ్వలదిన్నె తీరానికి వర్తించిన చట్టం

నెల్లూరు తీరంలోని జువ్వలదిన్నె 1953 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నా, అక్కడి అద్దె నియంత్రణ చట్టాలు ప్రధానంగా పట్టణాలను ఉద్దేశించినవి కాబట్టి, ఇలాంటి పల్లెల్లో అద్దె ఇంటి బాగోగులకు ఆధారం 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమే. దాని 108వ సెక్షన్ ప్రకారం, సహజమైన అరుగుదల, అంటే మామూలు వాడకంలో వచ్చే తరుగు మినహా, ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించడం అద్దెదారు బాధ్యత. యజమాని తాను చేయాల్సిన మరమ్మతును చెప్పినా చేయకపోతే, అద్దెదారే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. ఉప్పుగాలికి తలుపు బందులు తుప్పుపట్టే చోట ఏది సహజమో తేల్చడం సులువు కాదు గనుక, ఒప్పందానికీ స్థానిక ఆచారానికీ చట్టం ముందుపీట వేయడం తెలివైన పనే. 2021 నమూనా అద్దె చట్టం, అంటే రాష్ట్రాలు మలచుకోవడానికి కేంద్రం ఇచ్చిన ముసాయిదా, కుళాయి వాషర్లను అద్దెదారుకూ గోడల సున్నాన్ని యజమానికీ విడివిడిగా రాసిపెట్టింది.