వేడినీళ్ళ బేరం

మా ఇంట్లో రాగి బాయిలరు కొన్నది 1968లో. నాకప్పుడు పదేళ్ళు. అంతవరకూ మాది కాగు సంసారమే. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి, దాని మీద మసిబట్టి నిగనిగలాడే కాగు, పక్కన ఎండు కొబ్బరిమట్టలు. తెల్లవారుజామున ఎవరు ముందు లేస్తే వాళ్ళు పొయ్యి రాజెయ్యాలని ఇంట్లో నియమం. నియమం మాటవరసకే లెండి. ముందు లేచేది ఎప్పుడూ మా అమ్మే!

మామ్మకి కీళ్ళవాతం. చలికాలం వచ్చిందంటే వేళ్ళు ముడుచుకుపోయి చెంబు కూడా పట్టుకోలేకపోయేది. వావిలాకు వేసి కాచిన నీళ్ళు అమ్మ ఆవిడ చేతుల మీదా, మోకాళ్ళ మీదా ధారగా పోస్తుంటే, "హమ్మయ్య! ప్రాణం లేచొచ్చిందే" అనేది. మధ్యాహ్నానికి మళ్ళీ మామూలే. అయినా మర్నాడు పొద్దున్నే అమ్మ మళ్ళీ కాగు కింద మంట పెట్టేది.

ఇప్పుడా పాత కథలన్నీ ఎందుకంటారా? పోయిన ఏడాది కాలిఫోర్నియాలో మా అమ్మాయి కోసం హాట్ టబ్ బేరమాడవలసి వచ్చింది. అందుకని.

హాట్ టబ్ అంటే మరేం లేదు. నలుగురైదుగురు కూర్చోగలిగినంత పెద్ద తొట్టి. పెరట్లో పెట్టుకుంటారు. నీళ్ళు ఎప్పుడూ వేడిగా ఉంటాయి. గోడల్లోని చిన్న చిన్న రంధ్రాల్లోంచి గాలీ నీళ్ళూ కలిసి జోరుగా వచ్చి ఒళ్ళు పిసికినట్టుగా తగులుతుంటాయి. సినిమాల్లో చూసి, అది డబ్బున్నవాళ్ళ విలాసం అనుకునేదాన్ని. కానీ మా అమ్మాయికి మూడేళ్ళ కిందట రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ వచ్చింది. ముప్ఫై ఆరేళ్ళ పిల్ల. పొద్దున్న లేచాక గంటసేపటిదాకా పిడికిలి తెరుచుకోదు. పిల్లాడి పాలసీసా మూత తియ్యడానికి మా అల్లుణ్ణి పిలుస్తుంటే, నాకు మామ్మ వేళ్ళే కనిపించాయి.

"గోరువెచ్చటి నీళ్ళలో కూర్చుంటే బిగుతు సడలుతుంది. కానీ అది జబ్బుకి మందు కాదు. మందులు మానకూడదు" అని డాక్టరమ్మ స్పష్టంగా చెప్పిందట. సరే, ఉపశమనమే కానీ, కొందాం అనుకున్నాం.

కొనబోయే దాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా సొమ్ము తియ్యకూడదని మా నాన్నగారు అంటుండేవారు. ఆయన అన్నది గేదెల గురించి. నేను దాన్ని తొట్టికి అన్వయించి, వారం రోజులు కూర్చుని చదివాను. చదివినకొద్దీ భలే తమాషాగా ఉంది.

వేడినీటి స్నానాన్ని రాజభోగం చేసినవాళ్ళు రోమన్లు. నేల కింద ఖాళీ వదిలి, ఒక పక్క కొలిమి పెట్టి, ఆ వేడిగాలిని నేల కిందా గోడల్లోనూ పారించేవారు. రోములో కరకల్లా చక్రవర్తి స్నానశాలలు క్రీ.శ. 216లో తెరిచారు. శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే అవి ఊరందరివీ. ఇంట్లో తొట్టి పెట్టుకుని అందులో మునగడాన్ని నిత్యవిధిగా చేసుకున్నవాళ్ళు జపానువాళ్ళు. వాళ్ళ పద్ధతి నాకు నచ్చింది. తొట్టి బయట కూర్చుని సబ్బు రుద్దుకుని శుభ్రంగా కడుక్కున్నాకే లోపలికి దిగాలి. అప్పుడు ఆ నీళ్ళే ఇంటిల్లిపాదికీ పనికొస్తాయి. మడీ పొదుపూ రెండూ కలిసొచ్చాయన్నమాట!

అమెరికాలో ఈ ముచ్చట మొదలైంది ద్రాక్షసారా పీపాలతో. 1960లలో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా ప్రాంతంలో కొందరు కుర్రకారు పాత సారా పీపాలు కొని, నీళ్ళు నింపి, వేడి చేసుకుని అందులో కూర్చోవడం మొదలెట్టారు. తర్వాత రెడ్‌వుడ్ చెక్కతో ప్రత్యేకంగా తొట్లు తయారయ్యాయి. ఆ తర్వాత చెక్క పోయి ఫైబర్‌గ్లాసూ, యాక్రిలిక్కూ వచ్చాయి.

ఇక జోరుగా కొట్టే నీటిధారల సంగతి. దాని వెనక ఒక తండ్రి ఉన్నాడు. ఇటలీ ఉత్తర భాగం నుంచి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కాలిఫోర్నియాకి వలస వచ్చిన జకూజీ కుటుంబంలో ఏడుగురు అన్నదమ్ములు. మొదట విమానాల పంకాలు చేశారు. తర్వాత ఏకంగా విమానమే తయారుచేశారు. 1921లో అది కూలి నలుగురు పోయారు. వాళ్ళలో ఒకడు ఆ అన్నదమ్ముల్లోని జకొండో. దాంతో విమానాలకు దణ్ణం పెట్టి, పొలాల బావుల్లోంచి నీళ్ళు తోడే పంపుల వ్యాపారంలోకి దిగారు.

ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడు కాండిడో. ఆయన కొడుకు కెనెత్ 1941లో పుట్టాడు. పసితనంలోనే పిల్లాడికి కీళ్ళ జబ్బు పట్టుకుంది. అదే, మా అమ్మాయికి వచ్చిన రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్సే! ఆస్పత్రిలో సుడులు తిరిగే వేడినీటి తొట్టిలో కూర్చోబెడితే వాడికి హాయిగా ఉండేది. ఆ హాయి ఇంట్లో రోజూ ఎందుకు దొరకకూడదనుకున్నాడు తండ్రి. పంపులు చేసే చేతులే కదా! 1940ల చివరలో మామూలు స్నానపు తొట్టిలో పెట్టుకునే చిన్న పంపు చేసిచ్చాడు. 1956 నాటికి అది బజారులో అమ్మకానికి వచ్చింది. ఆ తర్వాతి తరంవాడు రాయ్ జకూజీ 1968లో పంపు విడిగా అక్కర్లేకుండా, ధారలు తొట్టి గోడల్లోంచే వచ్చేలా తయారుచేశాడు. చూశారా, తణుకు బజారులో మా అమ్మ రాగి బాయిలరు బేరమాడిన ఏడాదే!

కెనెత్ జబ్బు ఆ నీళ్ళతో నయమైపోలేదు. పెద్దయ్యాకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. వికలాంగుల హక్కుల కోసం పాటుపడ్డాడు. అది చదివాక పుస్తకం మూసి కాసేపు ఊరుకున్నాను. మా అమ్మాయికి ఆ ముక్క చెప్పలేదు.

ఒక శనివారం దుకాణానికి వెళ్ళాం. కారులోనే అమ్మాయి హెచ్చరించింది: "అమ్మా, ఇక్కడ బేరాలాడరు. చీటీ మీద ఎంత రాసుంటే అంతే. నా పరువు తియ్యకు."

బేరాలాడకపోవడం కూడా చరిత్రేనండోయ్. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో క్వేకర్లనే మతశాఖవారు, ఒక ధర చెప్పి ఇంకో ధరకు అమ్మడం అబద్ధమాడటమేనని నమ్మి, ఒకే ధర పద్ధతి పెట్టుకున్నారు. 1852 నుంచి పారిస్‌లో బాన్ మార్షే దుకాణాన్ని పెంచి పెద్దచేసిన బూసికో, ఆ తర్వాత అమెరికాలో ఫిలడెల్ఫియా వ్యాపారి జాన్ వానమేకర్, ధర చీటీలను పెద్ద దుకాణాల ఆచారంగా మార్చారు. చిన్నపిల్ల వెళ్ళినా, పెద్దమనిషి వెళ్ళినా ఒకే ధర. మంచి ఆచారమే. అయితే కార్లకీ ఇళ్ళకీ ఆ దేశంలో ఈనాటికీ బేరం ఉంది. పదేళ్ళకోసారి కొనే పెద్ద వస్తువు, కొనేవాడికి అసలు ధర తెలియనిది ఏదైనా అంతే. హాట్ టబ్బూ ఆ కోవలోదే.

అమ్మేవాడు కుర్రాడు. నోటినిండా నవ్వు. మాకు నచ్చిన తొట్టి ధర 9,400 డాలర్లన్నాడు. మేం మాట్లాడకముందే, ఈ వారంలోగా అయితే 8,900 అన్నాడు. నేను అమ్మాయి మోచేతిని గిల్లాను. అడగకుండా తగ్గించాడంటే అడిగితే ఇంకా తగ్గిస్తాడని తెలియదూ?

మా అమ్మ ఇత్తడి కొట్టులో చేసిన పనే నేనూ చేశాను. ఆవిడ ధర అడిగేది కాదు. ముందు బాయిలరు మీద వేలితో కొట్టి చప్పుడు వినేది. అతుకులు చూసేది. లోపలి గొట్టంలో చెయ్యి పెట్టి చూసేది. తర్వాత తూకం. ఆ తర్వాత, చిల్లుపడిన అజ్జరం బిందె తీసి బల్ల మీద పెట్టి, దీనికెంత కడతావనేది. అప్పటికి గానీ ధర మాటే ఎత్తేది కాదు.

నేను పక్క పలక విప్పి చూపించమన్నాను. లోపల వేడి బయటికి పోకుండా ఫోమ్ ఎంత మందాన ఉందో చూశాం. అది పల్చగా ఉంటే కరెంటు బిల్లు రూపంలో నెలనెలా కట్టుకోవాలి. మూత ధర ఇందులోనే ఉందా? లేదట! మెట్లు? లేవట. ఇంటికి చేర్చడం? అదీ విడిగానే. 350 గ్యాలన్ల నీళ్ళు పడతాయన్నాడు. అంటే సుమారు 1,300 లీటర్లు. వట్టి నీళ్ళ బరువే క్వింటాలు బస్తాలు పదమూడు పేర్చినట్టు. కింద గట్టి కాంక్రీటు ఉండాలి. 240 వోల్టుల కరెంటు లైను విడిగా లాగించాలి. అవన్నీ ఒక కాగితం మీద వేసి కూడితే, 8,900 కాస్తా పదకొండు వేలు దాటింది.

అప్పుడు కుర్రాడు మా అమ్మాయి వేళ్ళు చూశాడు. "మీ కీళ్ళ జబ్బు ఆరు నెలల్లో మాయమవుతుంది, మేడమ్. ఎంతోమందికి మాయమైంది" అన్నాడు.

దాని ముఖంలో ఒక్క క్షణం ఆశ మెరిసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆ మాట బిల్లు మీద రాసి సంతకం పెట్టమను. అడిగినంత ఇచ్చేద్దాం" అన్నాను తెలుగులో. అమ్మాయి చెప్పనంది. మా అల్లుడు చెప్పాడు. కుర్రాడి నవ్వు ఆగింది. కలం తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని, లోపలికి వెళ్ళి పెద్దాయన్ని తీసుకొచ్చాడు.

పెద్దాయన నెమ్మదస్తుడు. "క్షమించండి. హాయిగా ఉంటుంది, అంతవరకే నేను చెప్పగలను" అన్నాడు. ఆ ముక్కతో నాకు బేరం మీద గౌరవం కలిగింది. దుకాణంలో నీళ్ళు నింపి చూపించడానికి పెట్టిన తొట్టిని 6,500కి ఇస్తానన్నాడు. అమ్మాయి సరేననబోయింది. అల్లుడు తల అడ్డంగా ఊపాడు.

కారణం ఉంది. 1999లో నెదర్లాండ్స్‌లోని బోవెన్‌కార్స్‌పెల్ అనే ఊళ్ళో పూలప్రదర్శన జరిగింది. అక్కడ అమ్మకానికి పెట్టి చూపించిన వేడినీటి తొట్ల లోంచి వచ్చిన తుంపరల్లో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి ఉంది. తొట్టిలో దిగకపోయినా, పక్కనుంచి నడిచి వెళ్ళినవాళ్ళకు కూడా న్యుమోనియా వచ్చింది. సుమారు ముప్ఫైమంది చనిపోయారు. తొట్టిని కడిగి, మందు వేసి, నీళ్ళు సరిగా చూసుకుంటే భయం లేదు, నిజమే. కానీ మా అమ్మాయి వేసుకునే మందులు ఒంట్లో రోగనిరోధక శక్తిని తగ్గించేవి. ఎంతమంది దిగి చూశారో తెలియని తొట్టి దానికెందుకు? రెండు వేలు మిగుల్చుకుని రాత్రిళ్ళు నిద్ర పోగొట్టుకోవడమా?

"కొత్తదే కావాలి. రంగు ఏదైనా ఫరవాలేదు" అన్నాను. ఆ మాటే పనిచేసింది. గోదాములో కిందటేడు మోడలు ఒకటి, ఎవరూ అడగని మట్టిరంగుది, పెట్టె విప్పకుండా ఉందట. మూత, మెట్లు, ఇంటికి చేర్చడం అన్నీ కలిపి 7,900కి తేల్చాం. చివర్లో నీళ్ళ పరీక్ష కాగితాలు, క్లోరిన్ డబ్బా కొసరు అడిగాను. కొసరు లేని బేరం ఏం బేరం! పెద్దాయన నవ్వి ఇచ్చాడు. కారెక్కాక అమ్మాయి, "పరువు తీశావు" అంది. కానీ నా చెయ్యి వదల్లేదు.

మీలో ఎవరి పిల్లలైనా ఇలాంటిది కొంటుంటే ఒక్క మాట. నీళ్ళ వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 40 సెంటీగ్రేడు, దాటకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ 1979లోనే హెచ్చరించింది. గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగకుండా దిగకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో మూతకు తాళం తప్పనిసరి. మా మనవడి కోసం నేను మొదట కొనిపించింది ఆ తాళమే.

తొట్టి వచ్చిన మొదటి సాయంత్రం అమ్మాయి నీళ్ళలో దిగి, చేతులు ధారలకు ఎదురుగా పెట్టుకుంది. నేను మెట్ల మీద కూర్చున్నాను. పది నిమిషాలకు పిడికిలి మెల్లగా తెరిచి, వేళ్ళు ఒక్కొక్కటే చాపి చూసుకుని, "హమ్మయ్య" అంది. అచ్చం మామ్మ గొంతే. మామ్మ పోయాక పుట్టిన పిల్ల!

మర్నాడు పొద్దున్న మళ్ళీ మామూలే. పాలసీసా మూత అల్లుడే తీశాడు.

నేను తణుకు వచ్చేసి ఎనిమిది నెలలైంది. గీజర్లు వచ్చాక మా అమ్మ బాయిలరు అటకెక్కింది. అమ్మేద్దామని మావారు ఏటా అంటారు, నేను ఏటా వద్దంటాను. రోజూ ఫోనులో అమ్మాయిని మొదట అడిగేది ఒకటే మాట: "నీళ్ళు కాగాయా? దిగావా?"

"అవి ఎప్పుడూ కాగే ఉంటాయమ్మా" అని నవ్వుతుంది. అయినా మర్నాడు మళ్ళీ అడుగుతాను.