కదలగలిగిన కూలి, కదలలేని కూలి

విజయవాడ నుండి బందరు పోయే రహదారిమీద కంకిపాడు తగులుతుంది. ఆషాఢ శ్రావణాలలో ఆ చుట్టుపట్ల నాట్లు పడే వేళ, చేనికి నీరు ఎంత అవసరమో మనిషి చేయి కూడ అంత అవసరం. నారు ముదిరితే పంట చెడుతుంది. ఆ కొద్ది వారాలు రైతు కూలివానికోసం చూస్తాడు. తక్కిన నెలలు కూలివాడు రైతుకోసం చూస్తాడు. ఈ ఎదురుచూపులలో ఎవరిది పైచేయి అన్న దానినిబట్టి కూలిరేటు ఏర్పడుతుంది. అయితే ఈ వ్యవహారం తెలుగుదేశమంతటా ఏనాడూ ఒక్క తీరున నడవలేదు.

1832-33లో గుంటూరు మండలాన్ని మహాక్షామం పీడించినది. జనాభాలో మూడవవంతుకు తక్కువ కాకుండ నశించినదని చరిత్రకారుల అంచనా. నాడు ఊళ్లు విడిచినవారు మంచి కూలి వెదకుకొంటూ పోలేదు. గంజినీళ్లు దొరికేచోటికి పోయినారు. ఇరవై ఏండ్ల పిమ్మట, 1852లో, బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట ఆరంభమై 1855లో పూర్తి అయినది. కాలువ పారినచోట పని నిలకడ పొందినది. కాని నిలకడతోపాటు స్వేచ్ఛ రాలేదు. నాట్లకు, కోతలకు వచ్చే కూలి ముఠాలు బేరమాడుకొనగలిగేవి. ముందుగా అప్పు తీసుకొని సంవత్సరానికి కుదిరిన పాలేరు, గడువు తీరేవరకు ఇల్లు మారలేడు. ఒకే ఊరిలో, ఒకే కామందు పొలంలో ఈ రెండు విధాల శ్రమ పక్కపక్కనే ఉండేది.

ఉత్తరాన కథ వేరు. గంజాం, విశాఖపట్నం మండలాలలో వానను నమ్ముకొన్న భూములు ఎక్కువ. జమీందారీల భారం ఎక్కువ. సముద్రం మాత్రం దగ్గర. అక్కడినుండి, గోదావరి మండలంనుండి కూడ, వేలకొలది జనం స్టీమరెక్కి బర్మా పోయినారు. రంగూనును మనవారు రంగం అనేవారు. కోరంగి రేవు పేరునుబట్టి బర్మాలో తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చినది. ఐరావతి దిగువ భూములలో కోతలు, పిమ్మట బియ్యపు మిల్లులలో, రేవులో బరువులు మోయడం వారి పని. సముద్రం దాటిన ఈ కూలివాడు పాలేరుకంటె స్వతంత్రుడని అనుకొంటాము. అయితే అతని ఓడ ఖర్చు పెట్టినవాడు మేస్త్రీ. ఆ బాకీ తీరేదాకా అతని కూలి మేస్త్రీ చేతులమీదుగానే వచ్చేది.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. యజమానులు వారి స్థానంలో బర్మీయులను పెట్టుకొన్నారు. రాజీ కుదిరి పాతవారు తిరిగి రాగానే బర్మీయుల పని పోయినది. ఇరువురు పేదల నడుమ చెలరేగిన ఆ అల్లరిలో ఎందరో తెలుగువారు ప్రాణాలు కోల్పోయినారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు, లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి మరలినారు. దారిలో రాలిపోయినవారు అనేకులు.

తెలంగాణంలో మరొక తీరు. అక్కడ వెట్టి, భగేలా పద్ధతులు మనిషిని దొరకు కట్టివేసినవి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు చాకిరి చేయవలసివచ్చేది. 1946 నుండి 1951 వరకు నడిచిన సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. విశాఖ మన్యంలో ఇటువంటిదే గోతి అనే పద్ధతి. ఇక కరవుసీమ అయిన పాలమూరునుండి కూలీలు గుంపు మేస్త్రీల వెంట, బయానా తీసుకొని, ఆనకట్టల పనులకు దేశదేశాలు తిరిగినారు. మనము గర్వంతో చెప్పుకొనే జలాశయాల కట్టలలో వారి చెమట ఉన్నది.

1976లో కట్టుబానిసత్వ నిర్మూలన శాసనం వచ్చినది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల శాసనం వచ్చినది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. ఊరిలోనే మరొక పని దొరకునన్న ధైర్యం బేరమాడే కూలివానికి ఎంత బలమో, ఆ పిమ్మటి సంవత్సరాలలో రైతులకూ, కూలీలకూ అనుభవానికి వచ్చినది.

నేడు డెల్టాలో కోతయంత్రాలు తిరుగుతున్నవి. ఆంధ్ర, తెలంగాణ వరిపొలాలకు పశ్చిమ బెంగాల్ నుండి సైతం నాటుకూలీలు వస్తున్నారు. ఒకనాడు మనవారు ఐరావతి ఒడ్డున నిలిచినట్లే, వారు నేడు మన గట్లమీద నిలుస్తున్నారు. శ్రమ కదలిక దేశానికి మేలని అర్థశాస్త్రజ్ఞులు అంటారు. ఆ మాట నిజమే. అయితే ఆకలి తరిమితే కదలినవాడూ, బాకీ లాగితే కదలినవాడూ ఆ లెక్కలో ఒకటిగానే కనిపిస్తారు. ఈ కూలి నాకు గిట్టదని చెప్పి ఇంటికి మరలగల కూలివానికే కదలిక మేలు చేస్తుంది. మన చేనిలోనికి వచ్చిన పరాయి ఊరివానికి ఆ మాట అనే వీలున్నదా అని అడుగుకొనడం, రంగం పోయివచ్చినవారి సంతతికి తగిన పని.