నిరూపక తలంపై పటాల భ్రమణం

నిరూపక తలంలోని ఒక పటాన్ని, భ్రమణ కేంద్రమనే స్థిర బిందువు చుట్టూ, నిర్ణీత కోణంతో, నిర్ణీత దిశలో తిప్పే జ్యామితీయ పరివర్తనను భ్రమణం అంటారు. రెనే డెకార్ట్ 1637లో ప్రచురించిన జ్యామితి గ్రంథం బీజగణితాన్ని, జ్యామితిని కలిపినందువల్ల ఇటువంటి కదలికను సంఖ్యలతో రాయడానికి దారి ఏర్పడింది.

మూలబిందువు కేంద్రంగా గడియారపు ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా, అంటే అపసవ్య దిశలో, 90° తిప్పితే (x, y) బిందువు (−y, x) అవుతుంది. 180°కి (−x, −y), సవ్య దిశలో 90°కి (y, −x) వస్తాయి. (1, 2), (4, 2), (4, 3) శీర్షాలు గల త్రిభుజం అపసవ్య దిశలో 90° తిరిగినప్పుడు (−2, 1), (−2, 4), (−3, 4) శీర్షాలకు చేరుతుంది. 3 యూనిట్ల అడ్డు భుజం అదే పొడవుతో నిలువు భుజమవుతుంది. ప్రతి బిందువుకూ కేంద్రం నుండి గల దూరం మారదు కనుక భుజాలు, కోణాలు, వైశాల్యం యథాతథంగా ఉండి, ప్రతిబింబ పటం అసలు పటానికి సర్వసమానమవుతుంది. కేంద్రం మూలబిందువు కానప్పుడు, దాని నిరూపకాలను ముందుగా తీసివేసి, సూత్రం వర్తింపజేసి, తిరిగి కలపాలి. ఎక్కువ శ్రద్ధ కోరే మెట్టు ఇదే.

పూర్తి చుట్టుకు ముందే పటం తనతో తాను ఏకీభవిస్తే దానికి భ్రమణ సౌష్ఠవం ఉన్నట్లు. ఉదాహరణకు, ఒడిశాలోని 13వ శతాబ్దపు కోణార్క సూర్యదేవాలయ రథచక్రానికి 8 పెద్ద ఆకులు ఉన్నందున, చెక్కడాల వైవిధ్యాన్ని మినహాయిస్తే, దాని కనిష్ఠ భ్రమణ కోణం 45°.